చివరి మూడంకెలు

మా పిన్నిని ఆసుపత్రిలో అందరూ లిస్టమ్మ అంటారు. అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా కనపడదు. అదొక కంటి ఆసుపత్రి, మూడంతస్తులు. కింద కళ్లజోళ్ల కొట్టు, మధ్యలో డాక్టర్లు, పైన మెట్ల పక్కన ఒక ఇరుకు గది. గదిలో ఒక టేబులు, ఒక పాత కంప్యూటరు, గోడకి ఆనించిన మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరూ నీళ్లు పోయకపోయినా మొండిగా బతికే ఒక మొక్క. పంతొమ్మిదేళ్లుగా పిన్ని ఆ గదిలోనే ఉంది. పని ఒక్కటే. కంటిపొర కోసం ఎదురుచూసేవాళ్ల లిస్టు చూసుకోవడం.

కంటి నల్లగుడ్డు మీద గాజులా ఒక పొర ఉంటుంది. అది మసకబారిపోతే, చనిపోయినవాళ్లు దానమిచ్చిన కళ్లనుంచి పొర తీసి అతుకుతారు. పొరలు తక్కువ, కావలసినవాళ్లు ఎక్కువ. అందుకని వరస. ముందు పేరు రాయించుకున్నవాళ్లకి ముందు. ఊరి అవతలివైపు పెద్దాసుపత్రి ఉంది, పొరలు అక్కడికే వస్తాయి, ఆపరేషన్లు అక్కడే. అసలు లిస్టు అక్కడి పెద్దాఫీసులో ఉంటుంది. మా పిన్ని గదికి ఆ లిస్టులోంచి రెండువందల పద్నాలుగు మంది ముక్క వస్తుంది. వాళ్లలో ఎవరు ఫోన్ మార్చారు, ఎవరు ఇల్లు మారారు, ఎవరు పోయారు అన్నది ఆమె వారం వారం సరిచూసి తిరిగి పంపాలి. పంపినదే మళ్లీ వారం దాకా నిజం.

ఇక్కడ కాస్త ఆగి ఆ ఫైలు సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పెద్దాఫీసు పంపే ఫైలు మనుషులు చదువుకునేది కాదు. మొత్తం ఒకే ఒక్క లైను. నంబరు, కామా, పేరు, కామా, ఫోను, కామా, మధ్యమధ్యలో వంకర బ్రాకెట్లు. పిన్ని వాటిని మీసాల బ్రాకెట్లు అంటుంది. ఊపిరి తీసుకోకుండా ఎవరో అరగంట మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ ఫైలు. దాన్ని విడదీసి చూపించడానికి బోలెడు సాధనాలున్నాయి. స్థూలంగా రెండు రకాలు. ఒకటి, బ్రౌజర్లో తెరిచే వెబ్‌సైట్లు: ఫైలంతా తెచ్చి అతికించి బటన్ నొక్కితే ఒక్కో మనిషి ఒక్కో పెట్టెలో, రంగుల్లో, చక్కగా కనిపిస్తారు. రెండు, నల్లతెర మీద ఆదేశాలు టైపు చేసేవి: ఒక లైను రాస్తే ఎంత పెద్ద ఫైలైనా రెప్పపాటులో తిప్పి పడేస్తాయి, కానీ అడిగితే తప్ప ఏమీ చూపించవు.

పిన్ని తొమ్మిదేళ్లుగా మొదటి రకం మనిషి. ఏదో ఒక ఉచిత సైటు. ప్రతి సోమవారం పొద్దున ఫైలు అతికించి, బటన్ నొక్కి, తెరకి అడ్డంగా ఒక ప్లాస్టిక్ స్కేలు పెట్టుకుని, ఒక్కొక్కరినీ పైకి చదివేది. పేర్లు కాదు. నంబర్లలో చివరి మూడంకెలు. వాటిని తోకలు అంటుంది. "నూట నలభై అయిదు. రెండొందల పదకొండు. రెండొందల ముప్పై." మనుషులు ఆమెకి తోకలతోనే గుర్తు. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే, "మూడొందల ఎనభై ఏడు కదూ, మీ అబ్బాయి ఫోన్ నంబరు మారిందా?" అనేది. వాళ్లూ అలవాటుపడ్డారు. ఒకావిడ పెళ్లిపత్రిక మీద తన పేరు కింద తోక కూడా రాసి పంపిందట.

అందులో తొమ్మిది వందల పదిహేడు ఒక దర్జీ. అరవై దాటాయి. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది, రెండోదాని మీద పొర నాలుగేళ్లుగా మసకబారుతూ వచ్చి ఇప్పుడు వెలుగు, నీడ మాత్రమే తెలిసేదాకా వచ్చింది. కూతురి ఇంట్లో ఉంటాడు. కూతురు సూదిలో దారం ఎక్కించి ఇస్తే బొత్తాలు కుడతాడు, చేతివేళ్లతో చూసుకుని. లిస్టులో పేరు పడి రెండేళ్ల నాలుగు నెలలు. ప్రతి మంగళవారం తనే గోడ పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చేవాడు. ఫోన్ చేస్తే సరిపోతుంది, కానీ రావాల్సిందే.

"లిస్టమ్మా, నా తోక ఎంతదాకా పాకింది?"

"నాలుగు అన్నయ్యా. నీ ముందు ముగ్గురే."

"పోయినవారమూ నాలుగేగా. పడుకుందా?"

"ముందువాళ్లు కదలాలిగా."

"కదలమని చెప్పు. నేను వెనకనించి తొయ్యను, మర్యాదస్థుణ్ని."

కూర్చుని కిటికీ కర్టెన్ అంచు తడిమి, "ఇది కుట్టినవాడెవడో గానీ సగంలో టీకెళ్లి తిరిగి రాలేదు" అనేవాడు. ప్రతివారం అదే మాట. పిన్ని ప్రతివారం నవ్వేది.

ఈ కథ మొదలయ్యేసరికి ఆయన ఒకటో స్థానంలో ఉన్నాడు. అయిదు వారాలుగా. అంటే మళ్లీ ఎప్పుడు పొర వచ్చినా ఫోన్ ఆయనకే. డాక్టరమ్మ పరీక్ష చేసి, కన్ను వెనకభాగం బాగుంది, పొర మారిస్తే చూపు వస్తుంది అని చెప్పింది. కూతురు ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకుంటోందట.

అప్పుడే పెద్దాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. రెండు పేరాలు. మొదటి పేరా: శాఖలన్నిటినీ కలిపేస్తున్నాం కనుక తొమ్మిదంకెల నంబర్ల ముందు శాఖ కోడు చేరుతుంది, ఇకనుంచి పదిహేడంకెలు. రెండో పేరా: పేషెంట్ల వివరాలను బయటి వెబ్‌సైట్లలో పెట్టరాదు, పెడితే చర్య తీసుకోబడును.

పిన్ని నాకు ఫోన్ చేసింది. నేను ఆమె అక్క కూతుర్ని. కంప్యూటర్ చదువు చదివి, ఒక సరుకుల రవాణా ఆఫీసులో పొద్దస్తమానం ఇలాంటి ఫైళ్లే చూస్తుంటాను. నల్లతెర అంటే నాకు పిచ్చి. మౌసు ముట్టుకోకుండా పని చేయగలిగిన రోజు నాకు మంచిరోజు. శనివారం సెలవు కదా అని పరుగెత్తుకెళ్లాను. దారిలో ఫోన్లోనే సర్క్యులర్ చూశాను. రెండో పేరా రెండుసార్లు చదివాను. మొదటి పేరా మీద కన్ను ఆనలేదు. నంబర్లు పొడుగయ్యాయి, అయితే ఏంటి.

"పిన్నీ, తొమ్మిదేళ్లుగా వీళ్లందరి ఫోన్ నంబర్లూ తీసుకెళ్లి ఎవడో తెలియనివాడి సైట్లో పోస్తున్నావా?"

"బానే సర్దిపెడుతున్నాడుగా వాడు. పక్కన బట్టతల మందు ప్రకటన వేసుకుంటాడు, అంతే."

"కొన్ని సైట్లు ఏదీ బయటికి పంపం అని రాసుకుంటాయి. నిజమే కావచ్చు. వెళ్లి చూసిందెవరు?"

"సరేలే, దొంగని పట్టుకున్నావు. ఇప్పుడేం చేద్దామో చెప్పు."

చెప్పాను. చాలా చెప్పాను. నల్లతెర తెరిచి, ఆ పాత కంప్యూటర్లో ఎవరో ఎప్పుడో వేసిపెట్టిన ఒక చిన్న సాధనం ఉందని చూసి పొంగిపోయాను. దానిమీద ఒక ఆదేశం రాశాను: ఫైలు తెరువు, రెండువందల పద్నాలుగు మందికీ సరిచూసిన తేదీ వెయ్యి, ఈ ముగ్గురికీ ఫోన్ నంబర్లు మార్చు, మళ్లీ ఒక్క లైనుగా మడిచి కొత్త ఫైల్లో పెట్టు. ఎంటర్ నొక్కాను. కర్సర్ కింది లైనుకి దిగి మెరుస్తూ నిలబడింది.

"ఎప్పుడు మొదలవుతుంది?" అంది పిన్ని.

"అయిపోయింది."

"ఏమీ అనలేదే?"

"అదే దీని గొప్ప పిన్నీ. తప్పుంటే అరుస్తుంది. ఏమీ అనలేదంటే అంతా బాగున్నట్టే."

"ఏమీ అనకపోతే బాగున్నట్టా? ముప్పై ఏళ్లుగా మీ బాబాయితో ఉంటున్నాను, అలా ఎప్పుడూ చూళ్లేదే."

ఇద్దరం నవ్వుకున్నాం. పిన్ని సోమవారం మూడు గంటలు చేసే పని మూడు నిమిషాల్లో అయింది. ఆమె కుర్చీ ముందుకి లాక్కుని స్కేలు చేతిలోకి తీసుకుంది.

"ఒక్కసారి తోకలు చదువుకుంటాను, చూపించు."

"ఇంకా ఎందుకు పిన్నీ?"

"చూపించవే."

కొత్త ఫైలు విప్పి చూపించమని ఆదేశం ఇచ్చాను. నల్లతెర మీద అక్షరాలు జలపాతంలా పైకి దూసుకుపోయి, చివరి తొమ్మిదిమంది దగ్గర ఆగాయి. వెనక్కి జరిపి మొదటినుంచీ చూపించవచ్చు, అదేమంత కష్టం కాదు. నేను చూపించలేదు. పిన్ని ఆ తొమ్మిదిమంది మీదే స్కేలు పెట్టింది. మొదటి మనిషి దగ్గరే ఆగింది.

"ఈయన తోక అయిదొందల మూడు. నాలుగంటోందేంటి?"

"మూడే అని నీకు గట్టిగా గుర్తా?"

"మూడే అనుకుంటా. చెప్పులు బయట విప్పి చేత్తో పట్టుకొస్తాడు, ఆయన."

"పిన్నీ, రెండొందల మందిలో ఒకరి తోక మనిషి మరిచిపోవచ్చు. యంత్రం మరిచిపోదు. నేను నంబర్ల జోలికే పోలేదు, కావాలంటే ఆదేశం చదువు. తేదీ, ఫోనూ, అంతే."

ఆ మాట అబద్ధం కాదు. నేను నిజంగానే నంబర్ల జోలికి పోలేదు. పిన్ని కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. ఈమధ్య గ్యాసు కట్టేశానా లేదా అని రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసుకుంటోందని బాబాయి మాతో అన్నాడు, ఆమె వినేలాగే.

"నాలుగేనేమోలే" అంది. "పెద్దదాన్నవుతున్నాను."

సోమవారం పొద్దున నేను కాగితం మీద రాసిచ్చిన ఆదేశాన్ని తనే చూసి టైపు చేసి, ఫైలు పంపించింది. పదింటికల్లా పనైపోయిందని ఫోన్ చేసింది. గొంతులో గర్వం ఉంది. ఇక మధ్యాహ్నందాకా ఏం చెయ్యాలో తోచడం లేదంది. మొక్కకి నీళ్లు పోశానంది.

మంగళవారం దర్జీ వచ్చాడు. కుర్చీ తడుముకుని కూర్చున్నాడు. "లిస్టమ్మా, ఒకటేనా, లేక సున్నా అయిందా?" అన్నాడు. పిన్ని నవ్వుతూ పెద్దాఫీసు లిస్టు తెరిచి తొమ్మిది వందల పదిహేడు అని వెతికింది.

ఆ నంబరు లేదంది తెర.

మళ్లీ కొట్టింది. లేదు. పేరుతో వెతికింది. లేదు. అప్పుడు లిస్టు మొదటినుంచీ తెరిచి స్కేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది, మనసులో. పదిమంది దాటేసరికి ఆమెకి అర్థమైంది. ఎక్కడా బేసి అంకె లేదు. రెండువందల మంది తోకలన్నీ సరిసంఖ్యలే. నూట నలభై అయిదు ఇప్పుడు నూట నలభై నాలుగు. రెండొందల పదకొండు ఇప్పుడు రెండొందల ఎనిమిది. తెలిసిన వీధిలో అన్ని ఇళ్లకీ తలుపులు మార్చేసినట్టుందట ఆమెకి.

నాకు ఫోన్ వచ్చినప్పుడు పదకొండు కావస్తోంది. "ఏమే, నల్లతెర నంబర్లు మార్చేసింది" అంది. కేకలేమీ లేవు. చిన్న గొంతుతో, పక్కన దర్జీ కూర్చున్నాడని. నేను ఆటో ఎక్కాను.

దారిలోనే నాకు తెలిసిపోయింది. అప్పటిదాకా నేను చదవని మొదటి పేరా ఫోన్లో తీసి చదివాను. పదిహేడంకెలు. ఇది మాకు మొదటి ఏడాదే చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. చాలా సాధనాలు అంకెల్ని ఒక కొలత పెట్టెలో దాస్తాయి. పదిహేనంకెలదాకా ఇబ్బంది లేదు. అంతకు మించితే పెట్టె చాలక చివరి అంకెలని దగ్గర్లో ఉన్న మరో అంకెకి సర్దేస్తాయి. మనది పదిహేడంకెలు కాబట్టి ఎనిమిదేసి అంతరాలకి, అంటే దగ్గర్లో ఉన్న ఎనిమిదో ఎక్కం అంకెకి సర్దింది. తొమ్మిది వందల పదిహేడుని తొమ్మిది వందల ఇరవై చేసింది. తొమ్మిది వందల ఇరవై రెండునీ తొమ్మిది వందల ఇరవైయే చేసింది. అరవదు. ఎందుకంటే దాని దృష్టిలో అది తప్పు కాదు.

తొమ్మిది వందల ఇరవై రెండు ఒక కాలేజీ అమ్మాయి. దర్జీ, ఆ అమ్మాయి ఒకే నంబరు అయ్యేసరికి పెద్దాఫీసు యంత్రం ఇద్దరూ ఒకరే అనుకుని, వెనకున్నదాన్ని ఉంచి ముందున్నదాన్ని చెరిపేసింది. మిగతావాళ్ల సంగతి వేరు. పాత నంబర్లు కనపడలేదు కనుక వాళ్లంతా వరస విడిచి వెళ్లిపోయినట్టు, కొత్త నంబర్లతో సోమవారమే వచ్చి చేరినట్టు రాసుకుంది. తోక ఎనిమిదితో సరిగ్గా భాగించబడినవాళ్లు ఇరవై ఏడుగురు. వాళ్లు మాత్రమే ఉన్నచోట ఉన్నారు. అంటే అందరికన్నా ముందుకొచ్చేశారు.

నేను మెట్లెక్కి వచ్చేసరికి పిన్ని పెద్దాఫీసు కంప్యూటర్ సారుతో ఫోన్లో ఉంది. స్పీకరు పెట్టింది.

"పాత లిస్టు మా దగ్గర ఉంటుందమ్మా, పోయిన శుక్రవారంది. సాయంత్రానికి పెట్టేస్తాం. కంగారు పడకండి."

"ఈలోపల పొర వస్తేనో సార్?"

అవతల కీబోర్డు మీద వేళ్ల శబ్దం.

"ఇవాళ పొద్దున ఒకటి వచ్చింది."

"ఎవరికి వెళ్లింది?"

"మీ శాఖలో మొదటిపేరు. చివర ఆరొందల నలభై."

ఆరొందల నలభై ఎవరో నాకు తెలియదు. పిన్నికి తెలుసు. స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు, ఇద్దరు పిల్లలు. అసలు స్థానం నలభై ఒకటి. ఆరొందల నలభైని ఎనిమిదితో భాగిస్తే ఎనభై.

"ఆపండి సార్. ఆవిడ కాదు. మా దర్జీ ఇక్కడే ఉన్నాడు, ఇప్పుడే ఆటోలో పంపిస్తాను."

"పదిన్నరకి లోపలికి తీసుకెళ్లారమ్మా."

సారు మెత్తగానే అన్నాడు, "ఆవిడ తప్పు కూడా కాదు కదమ్మా, ఫోన్ చేశారు, వచ్చింది."

"కాదు" అంది పిన్ని.

నేను గుమ్మంలో నిలబడ్డాను. చెయ్యడానికి ఒక్క పనీ లేదు. జీవితంలో మొదటిసారి ఒక తప్పుకి కారణం పూర్తిగా తెలుసు, ఏ అంకె దగ్గర ఏం జరిగిందో తెలుసు, సరిచెయ్యడం కూడా తెలుసు, దేనికీ పనికిరాదు. ఊరి అవతల ఒక గదిలో దీపం కింద ఒక టీచరు కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఆవిడకి మంచే జరగాలి. ఇంకేం కోరుకుంటాం.

దర్జీ అన్నీ విన్నాడు. మూడు కుర్చీల గది, వినకుండా ఎలా ఉంటాడు. "నా పేరు పోయిందామ్మా?" అన్నాడు.

"సాయంత్రానికి మళ్లీ పెడతారు అన్నయ్యా. ఒకటోదే."

"మరి ఇవాళ వచ్చింది?"

"అది వెళ్లిపోయింది."

"నాదా అది?"

పిన్ని నా వైపు చూడలేదు. "నీదే" అంది.

ఆయన తల ఊపాడు. కర్టెన్ అంచు వేళ్లతో పట్టుకుని ఉన్నాడు. లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. నేను వెనకే వెళ్లి చెయ్యి పట్టుకోబోతే, "వద్దమ్మా, మెట్లు నాకు లెక్క" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను ఒక పని చేశాను, ఎందుకు చేశానో కూడా చెప్పలేను. పేషెంట్ల వివరాలు లేకుండా ఉత్త నంబర్లు నాలుగు రాసి, పిన్ని పాత వెబ్‌సైట్లో అతికించి బటన్ నొక్కాను. తొమ్మిది వందల పదిహేడు అక్కడా తొమ్మిది వందల ఇరవై అయింది. చక్కటి నీలిరంగులో, పక్కన బట్టతల మందు ప్రకటనతో. నేను వాదించిన రెండు రకాలూ ఒకే తప్పు చేస్తున్నాయి. తేడా ఒక్కటే. ఆ సైట్లో అయితే పిన్ని స్కేలు పెట్టి చదివేది. మూడో మనిషి దగ్గరే పట్టుకునేది. నేను ఆమె దగ్గర్నించి తీసేసింది వెబ్‌సైటుని కాదు, ఆ మూడు గంటల్ని.

మర్నాడు విచారణ ఫారం వచ్చింది. సూపర్నెంటు గదిలో పిన్ని ముందు పెట్టారు. నేనూ సెలవు పెట్టి వెళ్లాను. మూడో ప్రశ్న: ఫైలును ఏ సాధనంతో మార్చారు. కింద రెండు గడులు. వెబ్‌సైటు. కమాండు. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

"కమాండుకి పెట్టేస్తే సరిపోతుంది కదమ్మా" అన్నాడు సూపర్నెంటు. "ఇకమీదట అది వాడొద్దని రాసి మూసేస్తాం."

"అది వాడకపోతే మళ్లీ ఇలా జరగదా సార్?" అంది పిన్ని.

"జరగదనేగా."

"జరుగుతుంది. రెండిట్లోనూ జరుగుతుంది. మా పిల్ల చూసింది."

ఆయన నా వైపు తిరిగాడు. నేను మొదలుపెట్టాను. నంబర్లని అంకెలుగా కాకుండా మాటల్లాగా కొటేషన్లలో పెట్టి పంపిస్తే ఏ సాధనమూ వాటిని ముట్టుకోదని, పెద్దాఫీసు వైపు అది చిన్న మార్పని, లేదంటే ఇదే సాధనం కొత్త రకం వేసుకుంటే, నంబరు జోలికి పోనంతవరకు దాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుందని. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత, "ఈ ఫారంలో అది రాయడానికి చోటు లేదమ్మా" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే చోటు లేదు.

"సార్, ఆ ఆదేశం రాసింది నేను" అన్నాను. "పిన్నికి అనుమానం వచ్చింది కూడా. కాదన్నది నేనే. నా పేరు రాయండి."

"మీరు మా ఉద్యోగి కాదు కదా."

"ఊరుకోవే" అంది పిన్ని. "పంపింది నేను. సంతకం నాది."

గడులు రెండూ ఖాళీగా వదిలేసి, వాటి కింద ఉన్న సన్నటి జాగాలో పెన్నుతో రాసింది. 'నేను చదవలేదు.' సంతకం పెట్టింది.

ఇంటికి వచ్చాక బాబాయి టీ పెట్టి ఇద్దరి ముందూ పెట్టాడు. ఏమీ అనలేదు. పిన్ని ఆయన మొహం చూసి, "చూశావా" అంది నాతో. నవ్వు రాలేదు మా ఇద్దరికీ.

తర్వాత జరిగినవి చెప్పడానికి పెద్దగా ఏమీ లేవు. శుక్రవారంనాటి పాత లిస్టు ఆ సాయంత్రమే తిరిగి వచ్చింది, అందరి స్థానాలూ వాళ్లకి దక్కాయి. దర్జీ ఒకటి. టీచరుకి ఆపరేషన్ బాగా జరిగింది, పట్టీ విప్పగానే పిల్లలిద్దరి చొక్కాల రంగులు చెప్పిందట. ఆ సంగతి తెలిసి పిన్ని, "పోనీలే, మంచిదే" అంది. మళ్లీ కాసేపాగి అదే మాట అంది. పెద్దాఫీసు కొత్త సర్క్యులర్ పంపింది: మేమే సొంతంగా ఒక వెబ్‌పేజీ తయారుచేశాం, ఇకనుంచి అందరూ అదే వాడవలెను. నేను ఉత్త నంబర్లతో పరీక్షించాను. తొమ్మిది వందల ఇరవై. ఫోన్ చేశాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. కొటేషన్ల సంగతి వచ్చే ఏడాది కొత్త పద్ధతిలో చూస్తామన్నారు. కొత్త రకం సాధనం వేసుకోవడానికి అనుమతి అడిగాం. దరఖాస్తు పరిశీలనలో ఉంది. అప్పటినుంచీ పరిశీలనలోనే ఉంది.

అందుకని పిన్ని ఇప్పుడు ఏ సాధనాన్నీ నమ్మదు. వచ్చిన ఫైలుని వచ్చినట్టే, ఆ ఒక్క లైనుని, మీసాల బ్రాకెట్లతో సహా కాగితం మీద ప్రింటు తీస్తుంది. పదకొండు పేజీలు. పెద్దాఫీసు పేజీలో అడిగిన మార్పులు చేసి, ఆ పేజీ మార్చేసిన తోకలన్నీ చేత్తో వెనక్కి టైపు చేస్తుంది. ఆ తర్వాత కాగితం పక్కన పెట్టుకుని స్కేలు జరుపుకుంటూ మొత్తం చదువుతుంది. రెండు రోజుల పని. సోమవారం మొదలుపెడితే మంగళవారం సాయంత్రానికి తెములుతుంది. నేను వెళితే పెన్సిల్ చెక్కి ఇస్తాను. నా చేత ఇంకేమీ ముట్టుకోనివ్వదు, కోపం కాదు, అలవాటు.

దర్జీ తర్వాతి మంగళవారం రాడేమో అనుకున్నాం. వచ్చాడు. జేబులో ఒక సూది, కూతురు దారం ఎక్కించి ఇచ్చింది. "ఎలాగూ కూర్చుంటాను కదా" అని కర్టెన్ అంచు పట్టుకుని, వదిలేసిన చోటునుంచి కుట్టడం మొదలుపెట్టాడు. కుట్లు కాస్త వంకరగా పడ్డాయి. తడిమి చూసుకుని విప్పి మళ్లీ కుట్టాడు.

"అన్నయ్యా, నన్ను తిట్టాలనుంటే తిట్టు" అంది పిన్ని.

"తిడితే పొర వస్తుందా?"

"రాదు."

"అయితే సూది కింద పడకుండా చూడు, పడితే వెతకడం నీ పని."

పిన్ని తల వంచుకుని కాగితం మీద స్కేలు పెట్టింది. ఎనిమిది వందల తొంభై. తొమ్మిది వందల మూడు. ఆయన చెయ్యి ఆగింది. వచ్చేది తనదని ఆయనకి తెలుసు.

"తొమ్మిది వందల పదిహేడు."

"ఉన్నానమ్మా" అన్నాడు, స్కూల్లో హాజరు పలికినట్టు.

అది జరిగి పద్నాలుగు వారాలైంది. ప్రతి మంగళవారం అలాగే పలుకుతాడు. ఒకటో స్థానంలోనే ఉన్నాడు. మా శాఖకి మళ్లీ పొర రాలేదు. కర్టెన్ అంచు పూర్తయిపోయి రెండో కిటికీది పట్టుకున్నాడు. మొన్న నేను వెళ్లినప్పుడు ఆయన కంటి మసక మునుపటికన్నా తెల్లగా ముదిరినట్టు అనిపించింది. పిన్నిని అడగలేదు. ఆమె అప్పటికే తర్వాతి తోకకి వెళ్లిపోయింది.